ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోసం ఆగాలా? ఇంటి మీటర్ దగ్గర కూర్చుని వేసిన లెక్క

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మిర్యాలగూడలో ఉంటవు, రైస్ మిల్లులకు విడిభాగాలు ఇస్తవు, రోజుకు యాభై కిలోమీటర్ల దాకా తిరుగుతవు, నెలకు మూడుసార్లు హైదరాబాద్ పోయి అదే రోజు తిరిగొస్తవు. అమెరికాలో మీ బావమరిది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్ ఉండి, ఇంట్ల వైరు పెట్టి ఛార్జి కూడా చేసుకునే బండి) కొని "పెట్రోల్ బంక్ మొఖం చూసి రెండు నెలలైంది" అంటున్నడు. అసొంటిది మన దగ్గరికి వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడు దొరికే హైబ్రిడ్ తీసుకోవాలా, పూర్తి కరెంటు కారుకే పోవాలా అని అడిగినవ్. ఇంట్ల కరెంటు నెలకు 190 యూనిట్ల దగ్గర కాలుతదని కూడా రాసినవ్. ఆ ఒక్క ముక్క చూసే ఇంత పెద్ద జవాబు రాయబుద్ధయింది. కారు గురించి అడిగేటోళ్లు మైలేజీ అడుగుతరు, ధర అడుగుతరు. ఇంటి మీటర్ సంగతి ఎవ్వరూ చెప్పరు. అసలు లెక్క మొదలయ్యేదే అక్కడ.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పై ఏండ్లు చేసి నల్లగొండలోనే రిటైరైన. రీడింగ్ కనిపిస్తే రాసిపెట్టుకోవడం రోగం లెక్క పట్టుకున్నది. నా సొంత బండి 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కరెంటు కారు. యూనిట్ అంటే మన మీటర్ మీది యూనిటే, కంపెనీలు కిలోవాట్ అవర్ అని రాసేది దాన్నే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ నా పేరు మీద లేదు గాని, కొడుకు దగ్గర న్యూజెర్సీలో అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉన్నప్పుడు వాడి టొయోటా రావ్4 ప్రైమ్ మీద ఆరు నెలల లెక్క రాసిన. వాడు నవ్విండు, కోడలు ఇంకా ఎక్కువ నవ్వింది. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నీకు పనికొస్తున్నది.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన రోడ్ల మీద హైబ్రిడ్ అని తిరిగే హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్, ఇవేవీ ప్లగ్-ఇన్‌లు కావు. వాటికి వైరు పెట్టే రంధ్రమే ఉండదు. హైరైడర్ హైబ్రిడ్‌లో బ్యాటరీ 0.76 యూనిట్లు, అంటే మన ఇంట్ల గీజర్ అరగంట కూడా నడవదు. బ్రేకు కొట్టినప్పుడు పోయే శక్తిని పట్టుకొని, మళ్లీ కదిలేటప్పుడు ఇంజన్‌కు ఆసరా ఇవ్వడం దాని పని. ఆ పని బాగనే చేస్తది, ఊరి సందుల్లో ఒకటి రెండు కిలోమీటర్లు ఇంజన్ లేకుండా పోతది. కాని దాని తిండి మొత్తం పెట్రోలే. ప్లగ్-ఇన్ వేరే జాతి. రావ్4 ప్రైమ్‌లో 18.1 యూనిట్ల బ్యాటరీ ఉంటది. ఇంటి దగ్గర ఛార్జి పెడితే అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం 42 మైళ్లు, అంటే 67, 68 కిలోమీటర్లు కరెంటు మీదనే పోతది. అది అయిపోయినంక మామూలు హైబ్రిడ్ అయితది. మన దగ్గర ఇన్నాళ్లు అమ్మిన ప్లగ్-ఇన్‌లు వోల్వో ఎక్స్‌సీ90, బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం లాంటి కోటి దాటిన బండ్లు. నీకూ నాకూ అవి ఎక్స్‌పోలో నిలబడి చూసేటివి.

ఇగ కొడుకు బండి సంగతి. వాడి ఆఫీసు పంతొమ్మిది మైళ్లు, పోయి రావడం ముప్పై ఎనిమిది. అక్టోబర్‌లో పొద్దున ఫుల్ ఛార్జితో పోతే సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఇంజన్ ఒక్కసారి కూడా లేవలేదు. మీ బావమరిది చెప్పేది అబద్ధం కాదు. జనవరి వచ్చింది, బయట మంచు, లోపల హీటర్. ముప్పై మైళ్లు దాటంగనే ఇంజన్ గుర్రుమన్నది. అదే బండి, అదే రోడ్డు, అదే డ్రైవరు. మనకు మంచు లేదు గాని దాని బదులు మే నెల ఉన్నది, ఆ సంగతికి వస్త.

గ్యారేజీలో ఛార్జర్ డబ్బా మీద చూస్తే ఖాళీ నుంచి నిండేదాకా 15 యూనిట్ల పైన లాగేది. 18.1 బ్యాటరీకి 15 ఏంది అంటవేమో. బ్యాటరీ మొత్తం వాడుకోనియ్యరు, అడుగున కొంత, పైన కొంత వదిలేస్తరు, లేకపోతే తొందరగా ముసలిదైతది. మళ్లీ గోడ నుంచి బ్యాటరీకి పోయే దారిలో పదో వంతు వేడిగా పోతది. డ్యాష్‌బోర్డు చూపించే యూనిట్లకు, బిల్లులో పడే యూనిట్లకు ఎప్పుడూ తేడా ఉండేది అందుకే. ఆ బండి సర్కారు లెక్క వంద మైళ్లకు 36 యూనిట్లు, గోడ దగ్గర కొలిచింది. కిలోమీటర్లలో వందకు 22కు కొంచెం పైన. పెద్ద బరువు బండి, ఇంజన్ కూడా మోసుకొని తిరగాలె, అందుకే నా కరెంటు కారు కంటే ఎక్కువ తింటది. నా బండి గోడ దగ్గర వందకు 15, 16.

మా కొడుకు పక్కింటాయనకు కంపెనీ ఇచ్చిన ప్లగ్-ఇన్ ఉండేది. పెట్రోల్ కంపెనీ కార్డు మీద, కరెంటు బిల్లు సొంత జేబు మీద. ఆ వైరు ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండ డిక్కీలో పడి ఉన్నది. నవ్వులాట అనుకోకు, యూరప్‌లో ఇదే జరిగింది. 2021లో రిజిస్టర్ అయిన కార్లు రోడ్డు మీద నిజంగా ఎంత తాగుతున్నయో వాటిల్నే ఉన్న మీటర్ల నుంచి తీసి యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టింది. ప్లగ్-ఇన్‌ల పొగ కాగితం మీద చూపించినదాని కంటే సగటున మూడున్నర రెట్లు వచ్చింది. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో ఆ తేడా ఐదో వంతు దరిదాపు మాత్రమే. బండిలో మోసమేం లేదు. రోజూ వైరు పెడతరని పరీక్షలో అనుకున్నరు, మనుషులు పెట్టలేదు. ప్లగ్-ఇన్ మైలేజీ ఎంత అని ఎవరన్నా అడిగితే "రాత్రి పండుకునే ముందు గుర్తుంటదా" అని ఎదురు అడగాలె.

ఇప్పుడు మన మీటర్. ఇది కొంచెం ఓపిగ్గా చదువు, నీ డబ్బులు ఇక్కడనే ఉన్నయి.

తెలంగాణలో ఇంటి కరెంటుకు 200 యూనిట్ల దగ్గర ఒక గోడ ఉన్నది. 200 లోపల ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటిందంటే మొత్తం పట్టికే మారిపోతది. మొదటి 200కే 5.10, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9 రూపాయలు, ఆ పైన 800 దాకా 9.50. అంటే కారు కోసం కాల్చిన యూనిట్లకే కాదు, నువ్వు రోజూ ఫ్యాన్‌కు, ఫ్రిజ్‌కు కాల్చే పాత యూనిట్లకు కూడా రేటు పెరుగుతది. నీ 190 యూనిట్లకు చిల్లర ఛార్జీలు వదిలేస్తే 772 రూపాయలు. కారుకు నెలకు 160 యూనిట్లు కలిపి 350 చేస్తే బిల్లు 2,240. తేడా 1,468. ఆ తేడాను 160తో భాగించు, యూనిట్‌కు 9 రూపాయల 17 పైసలు. షోరూంలో పిల్లగాడు "యూనిట్ ఐదు రూపాయలు సార్, కిలోమీటర్‌కు డెబ్బై పైసలు" అంటడు. ఆ ఐదు రూపాయలు నీకు దొరకది. అయినా వందకు 15 యూనిట్ల లెక్కన కిలోమీటర్‌కు 1.38 పడ్తది, అది కూడా తక్కువే. కాని డెబ్బై పైసలకూ 1.38కీ మధ్య సగానికి సగం ఉన్నది గదా.

గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇల్లైతే దెబ్బ ఇంకా పెద్దది. 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలె, అప్పటిదాకా ఉత్తగ వచ్చిన యూనిట్లకు కూడా. కారున్న ఇంటికి ఆ స్కీముకు కావాల్సిన రేషన్ కార్డు ఎట్ల ఉన్నదనేది వేరే పంచాయితీ, అందులోకి నేను పోను.

ఇంటి మీద సోలార్ పెట్టించే ఆలోచన ఉంటే కారు కొనే ముందే పెట్టించు. సూర్యఘర్ స్కీములో మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తది. మన నల్లగొండ ఎండకు మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్ల దరిదాపు ఇస్తయి. పగలు తయారైంది గ్రిడ్‌కు పోయి, రాత్రి కారు కాల్చిన దాంట్లోకి సర్దుబాటు అయితది. 200 గోడ మళ్లీ నీ వైపు వస్తది.

ఇప్పుడు నీ నెల మొత్తం లెక్క వేద్దాం. ఊళ్లె 1,300 కిలోమీటర్లు, హైదరాబాద్ మూడు ట్రిప్పులకు ట్రిప్పుకు 290 చొప్పున 870, మొత్తం 2,170. పెట్రోల్ లీటర్ 107.50 అనుకుంటున్న.

లీటర్‌కు పదహారు ఇచ్చే మామూలు పెట్రోల్ బండికి నెలకు 14,580. ఇప్పుడు దొరికే హైరైడర్ అసొంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ కాగితం మీద దాదాపు 28 అంటరు, ఏసీతో మన రోడ్ల మీద 22 వస్తదని పెట్టుకో, 10,600. నా అసొంటి కరెంటు కారైతే 1,870 కిలోమీటర్లు ఇంటి ఛార్జి మీద, 290 యూనిట్లు, ఇంట్ల బిల్లు పెరిగేది 2,678. మిగిలిన 300 కిలోమీటర్లు బయట ఫాస్ట్ ఛార్జర్ మీద, జీఎస్టీ 18 శాతం కలిపి యూనిట్ 24 చొప్పున 51 యూనిట్లకు 1,224. కలిపి 3,900. ప్లగ్-ఇన్, రావ్4 ప్రైమ్ తిన్నట్టే తింటే, ఊళ్లె తిరుగుడు మొత్తం కరెంటు, హైదరాబాద్ ట్రిప్పులో మొదటి అరవై కరెంటు, మిగతా 230 పెట్రోల్. కరెంటుకు 3,067, పెట్రోల్‌కు 4,630, మొత్తం 7,700 దగ్గర. అదే ప్లగ్-ఇన్‌ను పక్కింటాయన లెక్క వైరు విప్పకుండ నడిపితే మళ్లీ 14,580 దగ్గరికే పోతది. ఎందుకంటే బ్యాటరీ ఖాళీ అయినంక అది కూడా లీటర్‌కు పదహారు ఇచ్చే బండే. ఆ బండి హైరైడర్ కంటే పెద్దది, బరువుది, ఆ మాట నేనే చెప్పాలె. చిన్న ప్లగ్-ఇన్ వస్తే ఈ అంకె కిందికి దిగుతది. కాని నెలకు ఏడొందల కిలోమీటర్లు పెట్రోల్ మీద తిరగాల్సిన నీ తిరుగుడులో అది కరెంటు కారును అందుకోలేదు.

కంపెనీ చెప్పే రేంజి గురించి రెండు మాటలు. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్‌కు సర్టిఫికెట్ మీద 489 కిలోమీటర్లు ఉంటది. జనానికి మామూలుగా వచ్చేది 350 దరిదాపు అని ఆ కంపెనీనే ఇంకో అంకె కూడా ఇస్తది. దాన్ని పట్టుకో, పైదాన్ని మర్చిపో. నా నోట్‌బుక్‌లో నల్లగొండ, నకిరేకల్, తిప్పర్తి చుట్టుపక్కల చలికాలం తిరిగితే 340. నార్కట్‌పల్లి ఎక్కి విజయవాడ హైవే మీద ఎనభైలో పోతే 310, వందలో పోతే 260. ఇరవై కిలోమీటర్ల స్పీడుకు యాభై కిలోమీటర్ల రేంజి పోయింది. గాలి ఎదురు కొట్టే బలం స్పీడు వర్గంలో పెరుగుతది. ఎనభై నుంచి వందకు పోతే ఒకటిన్నర రెట్లు దాటుతది. పెట్రోల్ బండికీ ఇదే జరుగుతది గాని అక్కడ ఎవరూ చూడరు.

మే నెల సంగతి చెప్తనన్న గదా. ఏసీ గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు లాగుతది, బండి నడిచినా నిలబడ్డా. హైవే మీద గంటకు ఎనభై పోతే ఆ భారం వంద కిలోమీటర్లకు ఒకటిన్నర, రెండు యూనిట్లే. క్లాక్ టవర్ సెంటర్‌లో గంటకు పాతిక చొప్పున దేకుతుంటే అదే భారం వందకు నాలుగు నుంచి ఆరు యూనిట్లు. అంటే ఎండాకాలం దెబ్బ హైవే కంటే ఊళ్లెనే ఎక్కువ. నేను కూడా మొదట్ల ఉల్టా అనుకున్న. నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఓపెన్‌గా పెట్టిన బండి ఎక్కితే మొదటి పది నిమిషాలు ఏసీ ఫుల్ మీద కొట్టాలె, బ్యాటరీని చల్లబెట్టడానికి కూడా కొంత పోతది. వైరు పెట్టి ఉన్నప్పుడే ఫోన్ నుంచి ఏసీ వేసుకొని బయలుదేరితే ఆ పది నిమిషాల ఖర్చు గోడ నుంచి పోతది, రేంజి నుంచి పోదు.

ట్రాఫిక్‌లో ఒక సుఖం ఉన్నది. సంక్రాంతికి ముందు రోజు పంతంగి టోల్ దగ్గర బండ్లు ఎట్ల నిలబడ్తయో నీకు చెప్పక్కర్లేదు. కరెంటు కారైనా, ఛార్జి ఉన్న ప్లగ్-ఇన్ అయినా అక్కడ తినేది ఏసీ ఖర్చు మాత్రమే.

శ్రీశైలం మీద కూడా లెక్క రాసిన, చెప్పకుంటే మనసొప్పదు. దేవరకొండ, డిండి మీదుగా పోయి మన్ననూరు గేటు దాటితే అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూస్తరు, చూసుకొని బయలుదేరాలె. లోపల మెల్లగ పోవాలె కాబట్టి నా బండి అన్నిటికంటే తక్కువ తిన్నది ఆ అడవిలోనే. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే మీటర్ వెనక్కి తిరుగుతది. దాన్ని చూసి మా బామ్మర్ది "ఊరికే కరెంటు పుడుతున్నది బావా" అన్నడు. ఊరికేం కాదు, ఎక్కేటప్పుడు పెట్టిందే. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే దాంట్లో ఉన్న శక్తి అర యూనిట్, సగానికి కొంచెం పైన తిరిగొస్తది. హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ సగం ఘాట్‌లోనే నిండిపోతది, మిగతాది బ్రేకుల్లో వేడి కింద పోతది.

ఇబ్బందులు దాచిపెడితే నువ్వు నాకు తర్వాత ఫోన్ చేసి తిడ్తవు. ఒకసారి హైవే మీద ఒక హోటల్ దగ్గర ఛార్జర్ పనిచేస్తున్నదని యాప్‌లో పచ్చగ చూపించింది, పోయి చూస్తే దాని ముందర ట్రాక్టర్ ట్రాలీ నిలబెట్టి ఉన్నది. డ్రైవరు అన్నం తిని లేచేదాకా నలభై నిమిషాలు కూర్చున్న. అప్పటి నుంచి ఇరవై శాతం కిందికి పోనియ్య. నీకు హైదరాబాద్ ట్రిప్పు 290 కాబట్టి ఎట్లయినా అక్కడ ఒక ముప్పై, నలభై నిమిషాల ఛార్జి తప్పదు. నీ వ్యాపారం పార్టీ దగ్గర కూర్చున్నప్పుడు పెట్టుకుంటే టైం పోదు. రోడ్డు పక్కన వెతుక్కుంటే పోతది. ఇంకోటి, ఇంట్ల ఛార్జి పెట్టుకునే జాగా లేనోళ్లు కరెంటు కారు జోలికి పోవద్దు. మొత్తం బయట 24 రూపాయలకు కొంటే కిలోమీటర్‌కు నాలుగు రూపాయలు పడ్తది, స్ట్రాంగ్ హైబ్రిడ్ ఐదు లోపలనే ఉన్నది, ఆ మిగిలిన రూపాయికి అంత తిప్పలు దండుగ.

సర్వీసు ఖర్చుల మీద ఎక్కువ చెప్పేది లేదు. కరెంటు కారుకు ఆయిల్ లేదు, టైర్లు మాత్రం తొందరగా అరుగుతయి. ప్లగ్-ఇన్‌కు రెండు సంసారాలు, ఇంజన్ వాడకపోయినా ఆయిల్ ఏడాదికోసారి మార్చాలె, ట్యాంకులో పెట్రోల్ నెలల తరబడి ఊరకుండ పెట్టొద్దు. పన్నులు చూస్తే కరెంటు కారుకు జీఎస్టీ 5 శాతం, పెద్ద హైబ్రిడ్‌కు 2025 సెప్టెంబర్ మార్పు తర్వాత 40 శాతం. మన రాష్ట్రంలో కరెంటు కార్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ.

కాబట్టి ఆగకు. మీ బావమరిది సుఖపడుతున్నది ఆయన తిరుగుడు బ్యాటరీ లోపల ఇమిడింది కాబట్టి. నీ రోజువారీ యాభై కూడా ఇమిడిపోతది, హైదరాబాద్ ఇమడది. ఇంట్ల పార్కింగ్, సొంత మీటర్ ఉన్నయంటే 45 యూనిట్ల పైన బ్యాటరీ ఉన్న కరెంటు కారు తీసుకో. కిరాయి ఇల్లు అయ్యి, ఓనర్ వైరు గుంజనియ్యకపోతే హైబ్రిడ్‌కు పో, అందులో తప్పు లేదు.

కొనే ముందు ఒక పని చెయ్యి. కార్ పోర్చ్ దగ్గర ఏడు కిలోవాట్ల ఛార్జర్ పెట్టిస్తే 32 ఆంపియర్లు గంటలకొద్ది పారుతయి. ముందు శాంక్షన్ లోడు (నీ మీటర్‌కు డిపార్ట్‌మెంటు మంజూరు చేసిన కిలోవాట్లు) పెంచుకో, మెయిన్ నుంచి వేరే వైరు గుంజించు, పాత ఏసీ పాయింట్‌కు అతికించుకోకు. ఎర్త్ సరిగ లేకపోతే ఛార్జర్ స్టార్టే కాదు. మా నల్లగొండ బండరాయి నేలల ఏప్రిల్ వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోయి, ఛార్జర్ ఎర్రలైటు చూపించిన ఇండ్లు నేనే నాలుగు చూసిన. బొగ్గు, ఉప్పు వేసి రెండు బకెట్ల నీళ్లు పోస్తే దారికొచ్చినయి. మీది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, నేలల తడి ఉంటది, నీకు అంత కష్టం ఉండకపోవచ్చు. అయినా ఎర్త్ మెగ్గర్ (ఎర్త్ ఎంత బాగున్నదో ఓమ్‌లల్ల కొలిచే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపించు, టెస్టర్ పెట్టి చూసి "బాగనే ఉన్నది సార్" అనేటోన్ని కాదు. ఎన్ని ఓమ్‌లు వచ్చిందో ఇక్కడ రాయి, ఛార్జర్ ఏది పెట్టాలో అప్పుడు చెప్త.